పటంలో పట్టని పిట్టలు

ఫిబ్రవరి 3

అక్కకి,

కవరు జాగ్రత్తగా విప్పు, లోపల రీలుంది. పోయినసారిలా నీ పటాల మేకుల డబ్బాలో పడేసి, వారం తర్వాత "నువ్వు పంపనే లేదు" అని నా మీద విరుచుకుపడకు. మీ పక్క కొట్టు స్టూడియో ఆయనకిచ్చి కడిగించు. బాగున్నవి నీ చేత్తో కత్తిరించి, అట్ట వేసి పంపు. ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతే కదా, నేను తీయడం, నువ్వు దిద్దడం.

ముప్పై ఆరూ ఎగిరే పిట్టలే. కొమ్మ మీద కూర్చున్న పిట్టని ఎవడైనా తీస్తాడు, గుర్తింపు కార్డుకి ఫొటో తీసినట్టే అది. ఎగిరేదాన్ని తీయాలంటే అది ఉన్నచోటికి కాదు, రాబోయే చోటికి గురిపెట్టాలి. పాదాలు కదపకుండా నడుం తిప్పుతూ దాంతోపాటే వెళ్ళాలి. మీట నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి. బస్సు నడిపేవాడికి ఇది ఇంకొకరు నేర్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా రోడ్డు మీద నేను చేసేది అదే.

పొద్దుటి ట్రిప్పులు పదకొండుకి అయిపోతాయి, మళ్ళీ మూడింటికి బస్సెక్కాలి. ఈ మధ్యలో డిపో వెనక మురుగునీరు శుభ్రం చేసే చెరువుల దగ్గరకి పోతాను. వాసన సంగతి అడక్కు. పిట్టలకి లేని బాధ మనకెందుకు! కొంగలు, నీటికాకులు, ఒక జత గద్దలు ఉన్నాయి. ఒక వింత చెప్పనా? ఈ మధ్య పిట్టలు బాగా తెలివిమీరాయి. ఎటునుంచి వస్తున్నాయో తెలియనివ్వకుండా, ఉన్నట్టుండి నా ఎదుట గాల్లోంచి పుట్టుకొస్తున్నాయి. గుండె ఝల్లుమంటుంది. అయినా వదలనుగా.

"ఇంట్లో చిలక్కొయ్య ఊడి ఆర్నెల్లయింది, ఆయనగారికి ఆకాశంలో చిలకలు కావాలి" అని నీ మరదలు సణుగుతోంది. బావ ఎలా ఉన్నాడు? మంచం మీద లేచి కూర్చుంటున్నాడా?

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 12

ఒరేయ్ పిట్టలదొరా,

రీలు చేరింది. మేకుల డబ్బాలో వేయలేదు, వేసినా నీకు చెప్పను.

మీ బావ అలాగే ఉన్నాడు. పొద్దున నేను ఎత్తి కూర్చోబెడితే కూర్చుంటాడు, పడుకోబెడితే పడుకుంటాడు. ముందుగదిలో పటాల కొట్టు, వెనకగదిలో ఆయన, మధ్యలో తిరిగే బొంగరాన్ని నేను. ఆయన పిలిచినా నాకు వినపడదని మంచానికి తాడు కట్టి, ఇటు కొసని నా బల్ల కాలికి కట్టాను. ఆయన లాగితే బల్ల కదులుతుంది, నేను పరిగెడతాను. నా చెవుల భోగం అలా ఉంది.

ఇక నీ బొమ్మలు. ముప్పై ఆరింటిలో పద్నాలుగు పనికొచ్చాయి. ఈకలు లెక్కపెట్టొచ్చు, అంత తేటగా వచ్చాయి. కానీ మళ్ళీ పిట్టలన్నీ కుడివైపుకే పోయి నక్కాయేంట్రా? ఎడమపక్కంతా ఖాళీ, లేదంటే ఓ కరెంటు స్తంభం. అలాగే పటం కడితే ఒకపక్కకి ఒరిగిపోయినట్టుంటుంది. అందుకని ఎడమవైపు మూడోవంతు కోసేసి పిట్టని నడిమధ్యకి తెచ్చాను. ఇప్పుడు చూస్తే నువ్వేనా తీసిందని నీకే అనుమానం వస్తుంది. నా కత్తి లేకపోతే నీ కెమెరా ఎందుకూ కొరగాదు, రాసిపెట్టుకో.

గద్ద బొమ్మలో ఆ రెండోది, వెనకాల తరుముతూ వస్తున్నది, భలే ఉంది. పాపం, తోక తెగింది. కోయడానికి మనసొప్పలేదు. అయినా కోశాను. తోకలేని గద్దని ఎవరు గోడకి పెట్టుకుంటారు?

మరదల్ని అడిగానని చెప్పు. చిలక్కొయ్య బిగించు.

అక్క

*

ఫిబ్రవరి 20

అక్కా,

పటాలు అందాయి. డ్రైవర్లు నడుం వాల్చే గదిలో మూడు తగిలించాం. మేనేజరు కూడా వచ్చి చూసి "చేయి బాగా తిరిగిందయ్యా" అన్నాడు. నాకూ అదే అనిపిస్తోంది. పోయినేడాది పటాలకంటే ఇవే బాగున్నాయి. పిట్ట సరిగ్గా నడిమధ్య, సూత్రం పట్టి గీసినట్టు.

కానీ రెండో గద్ద ఏమిటి? నేను తీసినప్పుడు ఆకాశంలో ఒక్కటే గద్ద ఉంది. నేను అక్కడే ఉన్నానుగా! మీ స్టూడియో ఆయన ఇంకెవరిదో రీలు కలిపేశాడు. కాస్త గట్టిగా అడుగు. నువ్వు అడిగితే వీధి చివరిదాకా వినపడుతుంది.

ఇక్కడ మా కండక్టరుకి కొత్త రోగం పట్టుకుంది. పదేళ్ళ స్నేహం, ఏమీ అనలేను. డబ్బులు వసూలు చేయడం మానేసి ముందు తలుపు దగ్గర నిలబడి, స్టాపు వచ్చినప్పుడల్లా రేకు మీద దబదబా బాదుతాడు. "ఎడమ! ఎడమ చూసుకో!" అని అరుపు. నేనేదో నిన్న స్టీరింగు పట్టుకున్నవాణ్ణయినట్టు. జనం నవ్వుతున్నారు. తల ప్రాణం తోకకొస్తోంది.

నీ తమ్ముడు

*

మార్చి 1

తమ్ముడూ,

నీ మాట పట్టుకుని స్టూడియో ఆయనతో గొడవేసుకున్నాను. ఆయన పాపం నెగెటివ్ తెచ్చి దీపం ముందు పెట్టాడు. నీ రీలే. నీ అంకెలే. గద్దలు రెండూ ఉన్నాయి. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాడు ఆయన పెళ్ళి ఫొటోకి డబ్బు తీసుకోకుండా కొత్త కట్టు వేసిచ్చి, అన్న మాటల అప్పు తీర్చుకున్నాను.

నీ ఎదురుగా రెండు గద్దలు పోట్లాడుకుంటుంటే నీకు ఒకటే కనబడిందా? యాభై ఆరొచ్చాయి నీకు. కళ్ళజోడు పెట్టుకుంటే మగతనం పోదురా. కండక్టరుని ఆడిపోసుకోకుండా కంటి డాక్టరు దగ్గరకి పో.

బావ తాడు లాగుతున్నాడు.

అక్క

*

మార్చి 8

అక్కా,

నా కళ్ళకేం రాలేదు. అనుమానం ఉంటుందేమోనని డిపో డాక్టరు దగ్గర మొన్ననే చూపించుకున్నాను. గోడమీద అక్షరాల అట్టలో అడుగు వరస, ఆవగింజంతవి, గడగడా చదివేశాను. "మీ వయసులో ఇలాంటి చూపు అరుదు" అని సంతకం పెట్టాడు. ఇంకేం కావాలి?

నీ మరదలు కూడా నీ జట్టే. మొన్న టీ గ్లాసు నా మోచేయి తగిలి పడింది. ఎడమపక్కన పెట్టాను కనబడలేదా అంటుంది. పెడుతున్నప్పుడు చెప్పొద్దా? గుమ్మం తగిలి ఎడమ భుజం కమిలింది, దానికీ నాదే తప్పు. ఆడబిడ్డా మరదలూ ఏకమైతే ఎవడు నెగ్గుతాడు!

ఇదిగో ఇంకో రీలు. గద్దలు గూడు కడుతున్నాయి, పుల్లలు మోసుకెళ్తుంటే తీశాను. ముందు ఇవి చూడు, తర్వాత నా కళ్ళ గురించి మాట్లాడుదువుగాని.

నీ తమ్ముడు

*

మార్చి 19

తమ్ముడూ, నాన్నా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

ఈసారి బొమ్మలు రాగానే కత్తి తీయలేదు. ముప్పై ఆరూ బల్ల మీద వరసగా పరిచాను. ప్రతి దాంట్లో పిట్ట కుడివైపే ఉంది. ఎడమవైపు ఏమున్నాయో చెప్పనా? ఒకదాంట్లో పదకొండు కొంగలు బారులు తీరి వెళ్తున్నాయి. నువ్వు వాటిని వదిలి ఒక్క నీటికాకిని తీశావు. ఇంకొకదాంట్లో చెరువుల కాపలాదారు నీకు పది అడుగుల దూరంలో రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆయన సంగతి నువ్వు రాయనేలేదు.

కోసిన ముక్కల్ని జిగురు పరీక్షించుకోడానికి సంచిలో దాస్తాను, నీకు తెలుసు. ఆ సంచి కుమ్మరించి, నీవన్నీ ఏరి, వెనక వేసిన తారీఖుల వరసన పెట్టాను. పోయిన ఆగస్టుదాకా నేను కోసింది వేలి వెడల్పు దాటలేదు. సెప్టెంబరు నుంచి ఒక్కసారిగా అరచేయంత అయింది, అదీ ఎడమవైపే. ఆ నెల్లో నీకు తలనొప్పి వచ్చి మూడు రోజులు పడుకున్నావని మరదలు రాసింది.

నా దగ్గర పటాలు కట్టించుకునే కంటి డాక్టరమ్మకి అన్నీ చూపించాను. మనిషిని చూడకుండా గట్టిగా చెప్పలేనంటూనే చెప్పింది. రెండు కళ్ళకీ ఎడమ సగం పోయి ఉండొచ్చట. జబ్బు కంట్లో కాదు, తలలో ఎక్కడో రక్తనాళం పూడి ఉండొచ్చట. అక్షరాల అట్ట ఎంతైనా చదువుతారట. "మరి చీకటిగా కనబడాలిగా?" అన్నాను. "మీ వీపు వెనక మీకు నల్లగా కనబడుతోందా? ఏమీ లేదు కదా. అతనికి ఎడమపక్క అలా ఉంటుంది" అంది. నేను వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఆ తర్వాత ఆవిడ అడిగింది, "ఆయన ఏం పని చేస్తారు?" అని.

బస్సెక్కకురా. నీకు దండం పెడతాను. పెద్దాసుపత్రికి వెళ్ళేదాకా ఎక్కకు. స్టూడియో ఆయన చేత ఇవాళే నీకు ఫోను చేయిస్తున్నాను. నేనే వచ్చేదాన్ని, కానీ రెండు రోజుల ప్రయాణం, ఇక్కడ ఈయన్ని ఎత్తేదెవరు?

కోయని బొమ్మలు ఇందులోనే పెట్టాను. చూడు.

అక్క

*

మార్చి 21

అక్కా,

మీ స్టూడియో ఆయన డిపోకి ఫోను చేశాడు. "మీ అక్కగారు కంగారుపడుతున్నారు, బస్సెక్కొద్దంటున్నారు" అన్నాడు. వెనక నుంచి నీ కేకలు వినపడుతూనే ఉన్నాయి. కులాసాగా ఉన్నానని చెప్పి పెట్టేశాను. గోరంతలు కొండంతలు చేయడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఇక్కడ ప్రశాంతంగా ఉంది. మా కండక్టరు కూతురి కాన్పుకని పదిరోజులు సెలవు పెట్టాడు. వెళ్తూ వెళ్తూ "నువ్వు కూడా ఈ పదిరోజులు సెలవు పెట్టరాదూ" అని ఒకటే బతిమాలాడు. వాడి కూతురి కాన్పుకి నాకు సెలవెందుకో! బదులు వచ్చినవాడు నోరు లేనివాడు. రేకు బాదడు, అరవడు. ఎన్నాళ్ళకో హాయిగా బస్సు నడుపుతున్నాను.

గద్ద గుడ్లు పెట్టినట్టుంది.

నీ తమ్ముడు

*

మార్చి 27

అక్కా,

నీ పంతొమ్మిదో తారీఖు ఉత్తరం ఇరవై మూడున అందింది. వెంటనే రాస్తే మాట తూలుతానని నాలుగు రోజులు ఆగాను.

బొమ్మలు చూశాను. పిట్టకి ఓ పక్క ఖాళీ వదలడం ఒక పద్ధతి, పెద్ద పెద్దవాళ్ళు వదులుతారు. కాపలాదారంటావా, వాడు రోజూ చేతులూపుతాడు, పట్టించుకోలేదు. నాకు చీకటి లేదు, మసక లేదు. నాకు అంతా కనబడుతోంది. కనబడనిది ఉంటే కనబడట్లేదని తెలియదా మనిషికి? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు.

ఇంకో నాలుగేళ్ళు ఉద్యోగం ఉంది. బస్సు దిగమంటే దిగి ఏం చేయను? నాకు వచ్చిన పనులు రెండే, ఆ రెండింటికీ కళ్ళే కావాలి. ఆ మాట ఎంత తేలిగ్గా రాశావు!

ఇక ఈ విషయం ఎత్తకు.

తమ్ముడు

*

ఏప్రిల్ 2

తమ్ముడూ,

ఎత్తను. ఇదే ఆఖరు.

డిపోలో నువ్వే చెప్పుకుంటావని ఎదురుచూశాను. మరదలికి రాశాను, "నా మాట ఎప్పుడు విన్నారు వదినా" అని ఏడుస్తూ జవాబిచ్చింది. ఇక నాకు దారి లేక, నిన్న మీ డిపో మేనేజరుగారికి ఉత్తరం రాసి, పన్నెండు బొమ్మలు, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం జతచేసి పోస్టు చేశాను. పెట్టెలో వేశాక చేయి లోపలికి దూర్చి అందుతుందేమోనని చూశాను. అందలేదు.

అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. నా చేతుల్లో పెరిగినవాడివి, నీ అన్నం నేనే తీసేస్తున్నాను. నువ్వు ఏమన్నా పడతాను. కానీ స్టాపులో నిలబడే వాళ్ళు కూడా ఎవరో ఒకరి తమ్ముళ్ళేరా.

అక్క

*

ఏప్రిల్ 12

గౌరవనీయులైన పటాల దుకాణం యజమానురాలు గారికి,

తమరు పంపిన దరఖాస్తు మేనేజరుగారికి అందింది. నలుగురి ముందూ పిలిచి, నా బొమ్మలు బల్ల మీద పరిచి, "ఇందులో ఎన్ని పిట్టలున్నాయి?" అని అడిగారు. నేను చెప్పిన లెక్క తప్పట. తల నెమ్మదిగా తిప్పి చూడమంటే చూశాను, ఇంకా ఉన్నాయి.

పెద్దాసుపత్రిలో గొట్టంలాంటి యంత్రంలో పడుకోబెట్టి తల ఫొటో తీశారు. తమరే నెగ్గారు. పోయిన చూపు తిరిగి రాదట. బస్సు తాళం ఇచ్చేశాను.

ఒక్కటి అడగాలని ఉంది. సెప్టెంబరు నుంచి నెలనెలా కోశావు. కోసిన ప్రతిసారీ నాకు బంగారంలాంటి పటాలు పంపావు. అవి చూసుకుని నా చేయి తిరిగిందని మురిసిపోయాను. మొదటిదాన్నే కోయకుండా ఉన్నదున్నట్టు నా మొహాన కొట్టి ఉంటే?

ఇట్లు,
మాజీ డ్రైవరు

*

ఏప్రిల్ 19

తమ్ముడూ,

నువ్వు అడిగిందే నన్ను నేనూ అడుగుతున్నాను.

వంకర కనబడితే నా చేయి ఊరుకోదు. నలభై ఏళ్ళుగా అదే పని. ఎందుకు వంకరగా ఉందని ఆలోచించే లోపే కత్తి కదిలిపోతుంది. నీ బొమ్మ అందంగా కనబడాలనుకున్నాను, అంతే. వారం రోజుల నుంచి కత్తి పట్టుకోలేదు. కొట్టు మూసి ఉంచాను. మీ బావ తాడు లాగి "ఏమైంది?" అని సైగ చేస్తాడు. ఏం చెప్పను?

రావాలని ఉంది. రాలేను. ఏడవాలని ఉంది, అదొక్కటే చేయగలుగుతున్నాను. తిట్టు, ఇంకా తిట్టు. రాయడం మాత్రం మానకు.

అక్క

*

మే 6

అక్కా,

కొట్టు తెరువు. ముందు ఆ పని చెయ్యి. నేను రాసింది కోపంలో రాసింది.

మా కండక్టరు ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. నాకు ఎడమపక్క తెలియడం లేదని వాడికి డిసెంబరులోనే అనుమానం వచ్చిందట. పైకి చెబితే నా ఉద్యోగం పోతుందని నోరు మూసుకుని, వాడే నా ఎడమ కన్నుగా తలుపు దగ్గర నిలబడ్డాడట. రేకు బాదింది అందుకు. సెలవు పెట్టమని బతిమాలింది అందుకు.

అది విన్నాక నాకు అన్నం సయించలేదు. వాడు లేని ఆ పదిరోజుల మాటేమిటి? ఎవరూ ఫిర్యాదు చేయలేదు, నిజమే. అయినా ఉండబట్టక నా రూటంతా కాలినడకన తిరగడం మొదలుపెట్టాను. ఇరవై ఆరు స్టాపులు. నీ మరదలు నా ఎడమ చేయి పట్టుకుని నడిచింది. ప్రతి స్టాపులో ఉన్నవాళ్ళని అడిగాను, "మార్చి నెల్లో ఈ బస్సు మీకేమైనా చేసిందా?" అని. కొందరు నవ్వారు. ఒకావిడ "సమయానికి ఎప్పుడూ రాలేదు, అదే చేసింది" అంది. నవ్వుకుంటూ రెండు రోజులు తిరిగాం. ఏమీ లేదులే అనుకున్నాను.

మూడోరోజు, మార్కెట్టు స్టాపు పక్కన తాళాలు బాగుచేసే పెద్దాయన దగ్గర ఆగాం. కుడిచేతికి కట్టు ఉంది. నేను అడగబోయేలోపే నన్ను చూసి లేచాడు. "నువ్వే కదూ?" అన్నాడు.

బస్సు స్టాపు నుంచి కదిలి ఎడమకి ఒరిగినప్పుడు ఆయన చేయి బస్సుకీ ఇనుప కమ్మీకీ మధ్య నలిగిందట. జనం అరిచారట. ఆ అరుపులు నాకు గుర్తే. బస్సు అందని వాళ్ళు ఆపమని కేకలేస్తున్నారనుకుని ముందుకు పోనిచ్చాను. మూడు వేళ్ళు తీసేశారు. తాళం చెవిని ఆకురాయితో అరగదీసే వేళ్ళు. ఇప్పుడు తాళాలు పక్కన పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నాడు, ఇంట్లో ఉండలేక. "ఫిర్యాదు చేయలేదా?" అంటే "ఎవరితో చెప్పుకోవాలి?" అన్నాడు.

కాళ్ళు పట్టుకున్నాను. ఆసుపత్రి కాగితాలు చూపించాను, బొమ్మలు చూపించాను, డాక్టరమ్మ చెప్పిన వీపు మాట చెప్పాను. అంతా విన్నాడు. విని, "అద్దంలోంచి నా మొహంలోకి చూశావు నాయనా. నీ కళ్ళు నేను చూశాను. చూసే వెళ్ళిపోయావు" అన్నాడు. ఆయన్ని ఎలా నమ్మించను? ఈ జబ్బుని చివరిదాకా నేనే నమ్మలేదు.

రోజూ వెళ్తున్నాను. ఆయన పక్కన కూర్చుంటున్నాను. వద్దనడు, రమ్మనడు. నిన్న ఉన్నట్టుండి "నీకు ఈ జబ్బుందని ముందు తెలీదా?" అని అడిగాడు.

తెలీదన్నాను.

ఆయన చేయి నలిగింది మార్చి ఇరవై నాలుగు పొద్దున అక్కా. ముందురోజే అందిన నీ ఉత్తరం అప్పుడు నా చొక్కా జేబులో ఉంది.

నీ తమ్ముడు